ఫైళ్లు వచ్చాయి, వాద్యం వచ్చిందా?

పియానోనో వీణనో స్వరం స్వరంగా రికార్డు చేసి, ఆ ముక్కలన్నిటినీ కంప్యూటర్‌లోని శాంప్లర్‌లో కీబోర్డు మీద పరిచి వాయించడం ఇవాళ స్టూడియోల్లో రోజువారీ పని. అందులో రెండు దశలున్నాయి. రికార్డింగులను శాంప్లర్‌లోకి తెచ్చుకోవడం మొదటిది, దాన్ని ఇంపోర్ట్ అంటున్నాం. ఏ ముక్క ఏ కీ నుంచి ఏ కీ దాకా మోగాలి, ఎంత గట్టిగా నొక్కితే మోగాలి, వరసగా రెండోసారి నొక్కితే ఏది మోగాలి అని తేల్చడం రెండోది, అది మ్యాపింగ్. మొదటి దశ ఒక్క మీటతో అయిపోతుంది కాబట్టి రెండోది కూడా దానితోపాటే జరిగిపోతుందన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. ఆ నమ్మకాన్ని ఇక్కడ వాదనకు పెడుతున్నాను. ఒక పక్షాన సినిమాలకు కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసే యువకుడు. రెండో పక్షాన వాద్యాలను రికార్డు చేసి శాంపుల్ లైబ్రరీలు కట్టే సౌండ్ ఇంజనీరు, వయసులో అతనికన్నా పెద్దావిడ. నా మొగ్గు ఆవిడ వైపే ఉంది. అయినా అతని వాదనలో సత్తువ ఉంది గనక, దాన్ని ఉన్నంత బలంగానూ వినిపించాలి.

తమ్ముడు: అక్కా, మ్యాపింగ్ గురించి మీకున్న పట్టుదలకు మూలం పాతకాలపు లేమిలో ఉంది. 1988లో వచ్చిన అకాయ్ ఎస్ 1000 శాంప్లర్‌ని చూడండి. దాని మామూలు మెమరీ 2 మెగాబైట్లు. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌లో మోనో శబ్దం సెకనుకు 88,200 బైట్లు తీసుకుంటుంది. అంటే మొత్తం పియానోని దాదాపు 24 సెకన్ల రికార్డింగులో ఇమడ్చాలి. అందుకని ఒక్కో ముక్కను అయిదారు కీల మీదికి సాగదీశారు, చివర్లు కోసి, మిగిలిన కొసను తిప్పి తిప్పి మోగించే లూపులు వేశారు. ఎక్కడ సాగదీస్తే వికారంగా వినబడదో తెలిసినవాడే నేర్పరి. 1998లో గిగాశాంప్లర్ వచ్చి శబ్దాన్ని నేరుగా హార్డ్ డిస్కు నుంచి చదవడం మొదలుపెట్టాక ఆ బాధ తీరింది, ఒక్క పియానోకే గిగాబైటు కేటాయించగలిగారు. ఇప్పుడైతే 88 కీలూ విడివిడిగా, ఒక్కో కీకి 16 వెలాసిటీ లేయర్లు, అంటే నొక్కే బలాన్ని బట్టి మారే ముక్కలు, ఒక్కో లేయర్‌కి 4 రౌండ్ రాబిన్లు, అంటే వరసగా నొక్కినప్పుడు వంతులవారీగా మోగే ముక్కలు, రికార్డు చేసుకోవచ్చు. 5,632 ఫైళ్లు. ఒక్కోటీ 10 సెకన్లనుకుంటే, 24 బిట్ స్టీరియోలో, 48 కిలోహెర్ట్జ్‌లో సుమారు 16 గిగాబైట్లు. మామూలు డిస్కులో ఓ మూల పడి ఉంటుంది. ప్రతి కీకీ సొంత రికార్డింగే ఉన్నప్పుడు సాగదీయాల్సిందేముంది? ఫైలు పేరులో స్వరమూ లేయరూ రాసి ఉంటాయి, శాంప్లర్ చదువుకుని పరుస్తుంది. అయిదు వేల ఫైళ్ల దగ్గర మనిషి కూర్చుని చేసేదేమీ లేదు.

అక్క: ఆ ఫైళ్లను ఒక్కొక్కటే లాగి పెట్టమని నేనెవరికీ చెప్పను తమ్ముడూ. పరిచే పని యంత్రానిదే. ఏ నియమం ప్రకారం పరచాలో చెప్పేది ఎవరన్నదే మన తగువు. నువ్వు ఇంపోర్ట్ మీట నొక్కితే నియమం లేకుండా ఏదీ జరగదు. ఆ శాంప్లర్ తయారుచేసినవాళ్లు నీ వాద్యాన్ని వినకముందే పెట్టుకున్న నియమం అమలవుతుంది. ఫైలు పేరు దగ్గరే మొదలుపెడదాం. కీబోర్డు శాంప్లర్‌కి స్వరాలను సంఖ్యలుగా పంపే మిడి భాషలో మిడిల్ సి సంఖ్య 60, దాంట్లో ఎవరికీ పేచీ లేదు. కానీ ఆ 60ని యమహా సంప్రదాయం సి3 అంటుంది, రోలాండ్ వాళ్లు సి4 అంటారు. సి4 అని పేరున్న ఫైలు 60 అనుకుని రికార్డు చేసినది, నీ శాంప్లర్ దాన్ని 72 అనుకుంటే వాద్యం మొత్తం ఒక స్థాయి కిందికి మోగుతుంది. శ్రుతి మాత్రం చెడదు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది, ఎందుకంటే దీన్ని రెండు రకాలుగా సరిచేయొచ్చు. మ్యాప్‌లో కీల సంఖ్యలను 12 చొప్పున కిందికి జరపడం ఒకటి. శబ్దాన్నే 12 స్వరస్థానాలు పైకి ట్యూన్ చేయడం ఇంకొకటి. రెంటిలోనూ నొక్కిన స్వరమే పలుకుతుంది, అందుకని పని అయిపోయిందనిపిస్తుంది. రెండో పద్ధతిలో మాత్రం ప్రతి ముక్కా రెట్టింపు వేగంతో మోగుతోంది. నాదం సగం కాలంలోనే ఆరిపోతుంది. సుత్తి తీగను తాకిన దెబ్బ పలచబడుతుంది. పియానో బొమ్మ పియానో అవుతుంది. నువ్వు 16 గిగాబైట్లు పెట్టి కొనుక్కున్న సహజత్వం ఒక్క పెట్టెలో రాసిన ఒక్క అంకెతో పోయింది, ఏ ఫైలూ చెడలేదు.

తమ్ముడు: పేర్లను నమ్మలేకపోతే వినే పద్ధతి ఉంది. ఇప్పటి పరికరాలు ఒక్కో ఫైలు శ్రుతిని కొలిచి, రూట్ కీ, అంటే ఆ ముక్క అసలు స్వరం, తేల్చి, స్వరస్థానంలో నూరో వంతైన సెంట్ల లెక్కన నాలుగో పదో తేడా ఉంటే దాన్ని కూడా సరిదిద్దేస్తాయి. పేరు ఏమున్నా ఫర్వాలేదు. మనిషి చెవి అలిసిపోతుంది, కొలమానం అలిసిపోదు.

అక్క: కొలమానం అలవదు నిజమే, ఏం కొలవాలో దానికి చెప్పినవాళ్ల మాటే అది వింటుంది. పియానో అట్టడుగు తీగల్లో మూలస్వరం చాలా బలహీనంగా ఉంటుంది, పై హార్మోనిక్‌లే గట్టిగా వినబడతాయి. మన చెవి వాటి నుంచి కింది స్వరాన్ని పోల్చుకుంటుంది. కొలమానమేమో ఒక్కోసారి పై స్థాయిని పట్టుకుంటుంది. ఇది పెద్ద తప్పు కాబట్టి వెంటనే దొరికిపోతుంది. దొరకని తప్పు ఇంకొకటుంది. ఉక్కు తీగకు బిరుసుతనం ఉండటం వల్ల దాని హార్మోనిక్‌లు లెక్క ప్రకారం ఉండాల్సిన చోటికన్నా కొంచెం పైకి జరుగుతాయి. అందువల్ల పియానో శ్రుతి చేసేవాడు పై స్థాయిలను కాస్త హెచ్చుగా, కింది స్థాయిలను కాస్త తగ్గుగా ఉంచుతాడు. 1938లో రైల్స్‌బ్యాక్ ఆ వంపును కొలిచి చూపించాడు. రెండు కొసల్లోనూ తేడా 30 సెంట్ల దాకా పోతుంది. నీ పరికరం దాన్ని లోపమనుకుని సున్నాకి తెస్తుంది. అప్పుడు ఒక్కో స్వరం విడిగా కొలిస్తే నిక్కచ్చిగా ఉంటుంది, రెండు చేతులతో దూరదూరంగా వాయిస్తే కింది సప్తకానికీ పై సప్తకానికీ పొత్తు కుదరదు. శ్రుతి చేసినవాడి పనితనాన్ని తప్పుల జాబితాలో చేర్చి చెరిపేశావన్నమాట. మీటే వాద్యాల్లో ఇంకో చిక్కు. గట్టిగా మీటిన తీగ మొదటి క్షణంలో కాస్త హెచ్చుగా పలికి, తర్వాత తన చోటికి దిగుతుంది. ఏ క్షణంలో కొలిస్తే అది రూట్? దానికి జవాబు ఫైలులో లేదు.

తమ్ముడు: మీరు చెప్పినవన్నీ పొరపాట్లు అక్కా. పొరపాటును సరిదిద్దుకుంటే పోతుంది. పరికరాలు మెరుగుపడతాయి, ఒప్పందాలు కుదురుతాయి. వేవ్ ఫైలు లోపలే రూట్ నోటు, లూప్ మొదలూ చివరా రాసుకునే గది ఒకటుంది. దాన్ని శాంప్లర్ చంక్ అంటారు. కీల పరిధి, వెలాసిటీ పరిధి రాసుకోవడానికి ఇంకో గది ఉంది. అందరూ వాటిని సరిగ్గా నింపితే పేర్ల గొడవా ఉండదు, కొలిచే గొడవా ఉండదు. ఇంపోర్ట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని మీరు రుజువు చేశారు, ఒప్పుకుంటాను. మ్యాపింగ్ ఒక సంగీత నిర్ణయమని మాత్రం ఇంకా రుజువు కాలేదు.

అక్క: ఈ అభ్యంతరం సరైనది, దీనికి జవాబు చెప్పి తీరాలి. నువ్వన్న గదుల్లో ఏముందో ఎవరెలా చదువుతారన్నది కూడా ఒప్పందమే అని మాత్రం ముందు చెప్పనీ. లూప్ చివరి బిందువు కూడా మోగాలని వేవ్ నియమం. సౌండ్‌ఫాంట్ అనే ఇంకో ఫైలు పద్ధతిలో ఆ బిందువుకు ముందే వెనక్కి తిరగాలి. 440 హెర్ట్జ్ స్వరంలో ఒక్క ఆవర్తనాన్ని లూప్ చేస్తే, 44.1 కిలోహెర్ట్జ్‌లో దాని పొడవు సుమారు 100 శాంపుళ్లు. ఒకటి తేడా పడితే 1 శాతం, అంటే 17 సెంట్ల అపస్వరం. రెండు సెకన్ల లూపులో అదే ఒక్క శాంపుల్ తేడా వల్ల శ్రుతి మారినట్టు ఎవరికీ తెలియదు. ఇక ఈ పొరపాట్లన్నీ రేపటికి పోయాయనుకో. పేర్లు సరైనవి, గదులు నిండి ఉన్నాయి, లూపులు నిక్కచ్చి. అప్పుడు కూడా మిగిలేదేమిటో సాలమాండర్ గ్రాండ్ పియానో చూపిస్తుంది. అలెగ్జాండర్ హోల్మ్ యమహా సి5 పియానోని రికార్డు చేసి, ఉచితంగా వాడుకోమని ఇచ్చాడు. మూడేసి స్వరస్థానాల ఎడంతో 30 స్వరాలు, ఒక్కోదానికి 16 లేయర్లు, వెరసి 480 ముక్కలు. మిడి వెలాసిటీ 1 నుంచి 127 వరకు. నీ ఇంపోర్ట్ 127ని 16తో భాగించి ఒక్కో లేయర్‌కి ఎనిమిదేసి ఇస్తుంది. ఎస్ఎఫ్‌జెడ్ అనే పాఠ్య రూపంలో రాసిన దాని సొంత మ్యాప్ తెరిచి చూడు. అన్నిటికన్నా మెత్తటి లేయర్‌కి 1 నుంచి 26 దాకా ఇచ్చారు. గట్టి దెబ్బల లేయర్లకు ఎనిమిదేసి. వాటికీ వీటికీ నడుమ ఉన్న కొన్నిటికి అందులో సగం కూడా లేదు. ఈ అంకెలు ఏ ఫైలు పేరులోనూ లేవు. పక్కపక్క లేయర్ల మధ్య గొంతు ఎంత మారుతోంది, వాయించే చెయ్యి ఎక్కడ ఎక్కువగా తిరుగుతుంది అన్నదాన్ని బట్టి ఎవరో ఒకరు తేల్చుకోవాల్సినవి. సమంగా భాగించడం కూడా ఒక నిర్ణయమే, కాకపోతే అది వాద్యాన్ని వినకుండా చేసిన నిర్ణయం.

దీనికే జంటగా ఇంకోటుంది. ఎస్ఎఫ్‌జెడ్ నియమాల్లో వేరేగా చెప్పకపోతే, వెలాసిటీ తగ్గేకొద్దీ శబ్దాన్ని శాంప్లర్ తనంతట తానే తగ్గిస్తుంది. 64 దగ్గర ఆ తగ్గుదల దాదాపు 12 డెసిబెళ్లు. నీ లేయర్లు రికార్డు చేసిన మట్టంలోనే ఉన్నాయనుకో, మెత్తటి దెబ్బ అప్పటికే మెత్తగా ఉంది. దాని మీద ఈ తగ్గుదల కూడా పడితే మెల్లగా వాయించిన స్వరం వినబడకుండా పోతుంది. అన్నిటినీ ఒకే మట్టానికి పెంచేసి ఉంటేనేమో, ఆ తగ్గుదల లేకపోతే మెత్తటి గొంతు గట్టి అరుపులా వినబడుతుంది. రెండు చోట్లా ఫైళ్లు నిర్దోషంగానే ఉన్నాయి, ఇంపోర్ట్ ఆజ్ఞలను తు.చ. తప్పకుండా పాటించింది. వాద్యం మాత్రం రాలేదు. సాలమాండర్ మ్యాప్‌లో ఆ తగ్గుదలను పూర్తిగా ఉంచకుండా కొంత తగ్గించి పెట్టారు. ఎంత తగ్గించాలన్నది విని చెప్పాల్సిందే. దీన్ని ఏ పొరపాటు కింద రాస్తావు?

వాదన ఇక్కడ మలుపు తిరిగిందని నా అభిప్రాయం. ఇంతవరకు ఇద్దరూ సరైన సమాచారం ఎక్కడుందన్న దాని గురించి మాట్లాడారు. సమాచారమంతా సరిగ్గా ఉన్నా సరే ఎంచుకోవాల్సినది మిగులుతుందని తేలాక, ఫైళ్ల ప్రశ్న కాస్తా వాద్యం ప్రశ్న అయింది. వాద్యం అంటే శబ్దాల గుట్ట కాదని సంగీతం తెలిసినవారికి వేరే చెప్పక్కర్లేదు. చేతి ఒత్తిడికి నాదం ఎలా బదులిస్తుందన్న కట్టుబాటే వాద్యం. ఆ కట్టుబాటును పియానోలో సుత్తులూ మీటలూ మోస్తాయి, శాంప్లర్‌లో మ్యాప్ మోస్తుంది. పియానో సుత్తుల బరువును తూచి సరిచేసేవాడి పని సంగీతంలో భాగమని ఒప్పుకునేవారు, మ్యాప్ రాసేవారి పనిని గుమాస్తా పనిగా చూడటం న్యాయం కాదు. అయినా ఆ యువకుడి చేతిలో ఇంకో బలమైన మాట ఉంది.

తమ్ముడు: సరే, అది నిర్ణయమే అనుకుందాం. ఎంత విలువైన నిర్ణయం? నేపథ్య సంగీతంలో పియానో సంభాషణల కింద ఉంటుంది. పాటలో అయితే డ్రమ్స్, బేస్, స్ట్రింగ్స్, గొంతు, వాటన్నిటి మధ్య నుంచి వినబడాలి. పైగా మిక్సింగ్‌లో కంప్రెసర్ వేసి హెచ్చుతగ్గులను చదును చేస్తారు. 44 దగ్గర లేయర్ మారిందా 48 దగ్గర మారిందా అన్నది ఏ ప్రేక్షకుడికి తెలుస్తుంది? మ్యాపింగ్‌కి పట్టే రోజులను నేను కొత్త బాణీ మీద పెడితే సినిమాకి ఎక్కువ లాభం. వినేవాడికి అందని తేడా కోసం కాలం ఖర్చు చేయడం నాకు సమ్మతం కాదు.

అక్క: వినేవాడి చెవి దాకా వెళ్లకముందు ఆ తేడా వాయించేవాడి వేళ్ల దగ్గర ఆగుతుంది. దాన్ని నువ్వు లెక్కలో వేసుకోలేదు. మెత్తటి స్వరం మాయమయ్యే మ్యాప్ మీద వాయించేవాడు తెలియకుండానే గట్టిగా నొక్కడం నేర్చుకుంటాడు. ఒక వెలాసిటీ దగ్గర గొంతు ఉన్నట్టుండి మారితే ఆ హద్దుకు ఇవతలే ఉండిపోతాడు. వాయింపు ఇరుకైపోతుంది, బాణీలో ఉండాల్సిన ఊపిరి పోతుంది. మ్యాప్ తప్పయినందుకు వచ్చే నష్టం శబ్దంలో కన్నా వాయింపులోనే ఎక్కువ. అది కంప్రెసర్ కింద దాగదు, ఎందుకంటే ఆ స్వరాలు అసలు వాయించలేదు. ఇంకోటి కూడా చెబుతాను, ఇది నీ వ్యవధి లెక్కకే సంబంధించినది. తప్పు మ్యాప్ మీద వాయించిన మిడిలో ఆ మ్యాప్‌కి సర్దుకున్న వెలాసిటీలే నమోదవుతాయి. నెల తర్వాత మంచి లైబ్రరీ తెచ్చి అదే మిడికి తగిలించావనుకో, అంతా అరుపులే వినబడతాయి. మళ్లీ వాయించాలి, లేదా వేల స్వరాల వెలాసిటీలను దిద్దుతూ కూర్చోవాలి. మొదట్లో మిగిలిందనుకున్న రోజు చివర్లో మూడు రోజులు తినేస్తుంది.

తమ్ముడు: అందుకేగా తయారైన లైబ్రరీలు కొంటాం! 2002 నుంచి కాంటాక్ట్ అనే శాంప్లర్ ఉంది, దానికోసం కట్టినవి వేలల్లో ఉన్నాయి. మ్యాపింగ్ తెలిసినవాళ్లు చేసిపెట్టారు. తెరిచి వాయించడమే. ఇంకో శాంప్లర్‌లో కావాలంటే మార్పిడి చేసే సాధనాలున్నాయి. వీటన్నిటి మధ్య మళ్లీ నేనెందుకు మ్యాప్ రాయాలి?

అక్క: దాని సొంత శాంప్లర్‌లో తెరిచి వాయించేటప్పుడు నేను అడ్డు చెప్పను. అప్పుడు నువ్వు ఇంపోర్ట్ మీద ఆధారపడటం లేదు, ఇంకొకరి నిర్ణయాల మీద ఆధారపడుతున్నావు. ఆ నిర్ణయాలకు విలువ ఉందని డబ్బు పెట్టి మరీ ఒప్పుకుంటున్నావు. మార్పిడి దగ్గరే నాకు పేచీ. సౌండ్‌ఫాంట్‌లో కీల పరిధికీ వెలాసిటీ పరిధికీ లూపులకూ చోటుంది. రౌండ్ రాబిన్‌కి లేదు. కీ వదిలినప్పుడు మోగే రిలీజ్ శాంపుల్‌కి కూడా లేదు. నాలుగు రౌండ్ రాబిన్లున్న వాద్యాన్ని అందులోకి మారిస్తే రెండే దారులున్నాయి. మూడింటిని పారేస్తే, ఒకే స్వరం వరసగా వాయించినప్పుడు అదే ముక్క అచ్చంగా తిరిగి మోగి మరతుపాకీ పేలినట్టుంటుంది. నాలుగింటినీ ఒకే చోట పేర్చితే, ఒక్క నొక్కుకి నాలుగూ కలిసి మోగి ఒకదాన్నొకటి తినేస్తాయి. స్వరం నుంచి స్వరానికి తెగకుండా సాగేలా కాంటాక్ట్‌లో స్క్రిప్టు రాసి కట్టిన లెగాటో సంగతి అసలు చెప్పక్కర్లేదు, ఆ స్క్రిప్టు ఇంకో చోట నడవదు. మార్పిడి చేసే సాధనం చివర్లో అంతా పూర్తయిందనే చెబుతుంది, ఫైళ్లన్నీ వచ్చాయి కాబట్టి దాని లెక్కలో పూర్తయినట్టే. ఏం పోయిందో తెలియాలంటే మూలంలో ఏ నియమాలున్నాయో చదవగలగాలి. అందుకే ఎస్ఎఫ్‌జెడ్ లాంటి మామూలు పాఠ్యంలో రాసిన మ్యాప్ అంటే నాకు గౌరవం. ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది, రాసినవారి ఆలోచన వరసవరసా కనబడుతుంది, నచ్చకపోతే దిద్దుకోవచ్చు.

తమ్ముడు: మీ ఉదాహరణలన్నీ పియానోవే. పియానో మీటకొక స్వరం ఉన్న వాద్యం, కీబోర్డు దాని సొంత రూపం. నియమాలు రాసేది మనిషే అనుకుందాం, అవి ఒకసారి కుదిరితే ప్రతి పియానోకీ అచ్చు వేసినట్టు వాడుకోవచ్చు. మీ వాదన నిలవాలంటే ఆ అచ్చులో ఇమడని వాద్యాన్ని చూపించాలి.

అక్క: వీణ తీసుకో. ఆ నాలుగు తీగల శ్రుతి నీకు తెలుసు. మొదటి తీగ సారణి మధ్య షడ్జం, రెండోది దాని కింది పంచమం, మూడోది మంద్ర షడ్జం, నాలుగోది అనుమంద్ర పంచమం. మెట్లు 24. మెట్టు నొక్కని తీగను కూడా కలుపుకుంటే నాలుగు తీగల మీదా స్వరం పలికే చోట్లు 100. వాటిలో వచ్చే వేర్వేరు స్వరాలు 42. మధ్య షడ్జమే నాలుగు చోట్ల దొరుకుతుంది, సారణి ఊరికే మీటితే, రెండో తీగ మీద అయిదో మెట్టులో, మూడోదాని మీద పన్నెండో మెట్టులో, నాలుగోదాని మీద పదిహేడో మెట్టులో. స్వరం ఒకటే, గొంతులు నాలుగు. ఇంపోర్ట్‌కి తెలిసిందల్లా కీ సంఖ్య. ఒకే కీకి నాలుగు ఫైళ్లు కనబడితే వాటిని రౌండ్ రాబిన్లు అనుకుంటుంది, లేకపోతే ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. ఏ తీగ ఎప్పుడు మోగాలన్నది ముందు వెనకల స్వరాలను బట్టి వైణికుడు తేల్చుకునేది. కింది నుంచి పైకి వస్తున్నప్పుడు ఉన్న తీగ మీదే సాగుతాడా, తీగ మారుస్తాడా అన్నది బాణీని బట్టి ఉంటుంది. పియానో అచ్చులో దీనికి గడి లేదు.

అసలు కష్టం గమకంలో ఉంది. తోడిలో గాంధారం, ఖరహరప్రియలో గాంధారం, స్వరస్థానం చూస్తే రెండూ సాధారణ గాంధారమే. కీబోర్డు మీద ఒకే కీ. ఊపే తీరు మాత్రం వేరు, తోడి గాంధారం రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతూనే ఉంటుంది. ఊపు లేని గాంధారం పెట్టి తోడి అంటే వినేవాళ్లు ఒప్పుకోరు. పిచ్ బెండ్‌తో లాగుతానంటావు. అక్కడ రెండు అడ్డంకులు. ఎస్ఎఫ్‌జెడ్‌లో వేరేగా రాయకపోతే బెండ్ పరిధి అటూ ఇటూ 200 సెంట్లే, వీణ మీద ఒకే మెట్టులో తీగను లాగి మూడు నాలుగు స్వరస్థానాలు పైకి పోవడం మామూలు. పరిధి పెంచుకోవచ్చు, అది అంకె మార్చడమే. రెండోదానికి అంత తేలిక మందు లేదు. తీగను లాగితే తీగ శ్రుతి మారుతుంది, పనస కర్ర తొలిచిన కుండ అనునాదం ఉన్నచోటే ఉంటుంది. శాంపుల్‌ని బెండ్ చేస్తే తీగతోపాటు కుండ కూడా పైకి జరుగుతుంది, వీణ ఊపు ఊపుకీ సైజు మారుతున్నట్టు వినబడుతుంది. అందుకని గమకాలను విడిగా రికార్డు చేసి, షడ్జం ఎక్కడుందో మ్యాప్‌కి చెప్పి, రాగాన్ని బట్టి ఎంచుకునేలా కీ స్విచ్‌లు పెట్టాలి. పరిచే పని ఇక్కడ కూడా యంత్రమే చేస్తుంది, ఏ నియమంతో పరచాలో చెప్పగలిగేది మాత్రం రాగం తెలిసినవారే. మీటుకి ముందు గోరు తీగను గీసిన చిన్న చప్పుడుని నిశ్శబ్దం కింద లెక్కేసి కోసెయ్యకూడదని కూడా వాళ్లకే తెలుస్తుంది.

తమ్ముడు: అలాగైతే శాంప్లింగ్ వీణకు పనికిరాదని చెప్పండి. పియానోనే భౌతికశాస్త్ర సమీకరణాలతో కట్టారు కదా, పియానోటెక్ 2006 నుంచి ఉంది. వీణను అలా కడితే తీగను లాగినా కుండ కదలదు. మీ కష్టాలకు మందు మ్యాపింగ్‌లో లేదు, మోడలింగ్‌లో ఉంది.

అక్క: కుండ విషయంలో నీ మాట నిజం, దాన్ని కాదనను. ఎవరైనా మంచి వీణ మోడల్ కడితే నేనే ముందు వాడతాను. కానీ ఆ మోడల్‌కి కూడా ఏ తీగ, ఏ గమకం అన్న ప్రశ్నలు అలాగే ఉంటాయి. కీబోర్డు పంపే సంఖ్యకీ వీణ చేసే పనికీ మధ్య ఎవరో ఒకరు నియమం రాయాలి. ఈలోగా ఉన్నదానితో పని చేసుకోవాలి గనక, నేను వీణ మొత్తాన్ని ఇస్తానని చెప్పను. సారణి మీద 24 మెట్లూ మూడు బలాల్లో మీటి, తోడికీ ఇంకో రాగానికీ గమకాలు పట్టి, ఆ రెండు రాగాలకు సరిపోయే మ్యాప్ ఇస్తాను. షడ్జం ఏ శ్రుతిలో ఉందో, బెండ్ పరిధి ఎంతో, ఏ వెలాసిటీ దగ్గర లేయర్ మారుతుందో, మిడిల్ సి ని 3 అన్నానో 4 అన్నానో పక్కనే ఒక పాఠ్య ఫైలులో రాసిపెడతాను.

తమ్ముడు: రెండు రాగాల వీణను ఎవరు వాడతారక్కా? దర్శకుడు సాయంత్రం అయిదింటికి ఫోన్ చేసి మోహన కావాలంటే నేనేం చెయ్యాలి?

అక్క: అయిదింటికి అడిగితే వైణికుడిని పిలవమని చెప్పు. పిలిచే వీలు లేకపోతే నీ దగ్గరున్న వీణనే వాడుకో, ఊపు లేని స్వరాలతో మోహన కొంతవరకు ఒప్పుతుంది. తోడికి మాత్రం దాన్ని వాడకు.

తమ్ముడు: మోహన వరకు ఒప్పుకుంటున్నాను. పియానోకి మీ మ్యాప్ అడిగి తీసుకుంటాను, మార్పిడి చేశాక రౌండ్ రాబిన్లూ రిలీజులూ ఉన్నాయో లేదో చూసుకుంటాను. కానీ ప్రతి వాద్యానికీ ఇంత సమయం పెట్టగలనని మాట ఇవ్వలేను. వెనకాల నాలుగు బార్లు మోగే వాద్యానికి ఇంపోర్ట్ ఇచ్చిందే వాడతాను.

అక్క: వాడుకో. ఆ నాలుగు బార్లకు ముందు కూడా ఒక్క స్వరాన్ని మెత్తగా మొదలుపెట్టి గట్టిదాకా పది మెట్లలో వాయించి విను, అదే స్వరాన్ని వరసగా ఎనిమిదిసార్లు కొట్టి విను. వెలాసిటీ తప్పయితే మొదటిదాంట్లో, రౌండ్ రాబిన్లు పేరుకుపోయి ఉంటే రెండోదాంట్లో బయటపడుతుంది. నిమిషం కన్నా ఎక్కువ పట్టదు.